అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు: రిసెప్షన్‌లో పనిచేసేవాళ్లు ఇంగ్లిష్ మాట్లాడటం ఎలా నేర్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఊరు పుత్తూరు దగ్గర. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత డిగ్రీ. ఇప్పుడు తిరుపతి బస్టాండు పక్కన ఒక హోటల్లో రిసెప్షన్ పని. వయసు ఇరవై ఏడు. గెస్టులు ఇంగ్లిష్‌లో అడిగేది చాలావరకు అర్థమవుతుంది కానీ జవాబు నోట్లోంచి రాదు. గ్రామర్ పుస్తకం రెండుసార్లు చదివారు, స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు చేశారు. ఇంకా ఏం చదవాలి, ఈ వయసులో వస్తుందా అన్నది మీ ప్రశ్న.

వస్తుంది. కొత్తగా ఏమీ చదవనక్కర్లేదు. మీ కౌంటర్ దగ్గర రోజూ నడిచే మాటలనే పూర్తి వాక్యాలుగా, పైకి వినపడేలా, నోరు తిరిగేదాకా అనండి. ఏ రోజు ఏ మాట చెప్పలేకపోయారో ఆ రోజే రాసి పెట్టుకుని, రాత్రికి దాని ఇంగ్లిష్ తెలుసుకుని, మర్నాడు వాడండి. నేను చెప్పగలిగిన అసలు జవాబు ఇంతే. ఇది ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో కింద రాస్తున్నాను. తిరుపతిలో హోటల్ సిబ్బందికి, నర్సులకు, టాక్సీ డ్రైవర్లకు చాలా ఏళ్లుగా సాయంత్రాలు ఇంగ్లిష్ చెబుతున్నాను కాబట్టి నాకు తెలిసిందంతా వాళ్ల దగ్గర చూసిందే.

పుత్తూరు అన్నారు కాబట్టి మీకు తమిళం వచ్చే ఉంటుంది. మన వైపు తమిళం అస్సలు రాని దుకాణదారుడు అరుదు. బస్సు దిగిన భక్తుడు అడుగుతాడు, మనం జవాబు చెబుతాం. అలా చెబుతూ చెబుతూ వచ్చేసింది. తమిళ వ్యాకరణం ఎవరూ చదవలేదు, చాలామందికి ఆ అక్షరాలు కూడా రావు. అంటే చదువుతో సంబంధం లేకుండా ఒక భాషను మాటల్లోంచి పట్టుకోవడం మీరు ఇప్పటికే ఒకసారి చేశారు. ఇరవై ఏడేళ్లకు ఆ శక్తి పోదు.

అయితే దీన్ని చూసి కొందరు 'తమిళం వచ్చినట్టే ఇంగ్లిషూ వస్తుంది, వింటూ ఉండు చాలు' అని సలహా ఇస్తారు. అది సగమే నిజం. తెలుగు, తమిళం ఒకే కుటుంబం భాషలు, వాక్యం నడక ఒకటే. 'రేపటికి పొద్దున రూము కావాలి' అనేదాన్ని 'నాళైక్కు కాలైల రూమ్ వేణుం' అని ఒక్కో మాటా మార్చుకుంటూ పోతే సరిపోతుంది. అదే ఇంగ్లిష్‌లో 'ఐ నీడ్ ఎ రూమ్ ఫర్ టుమారో మార్నింగ్'. మనకు చివర్లో వచ్చే 'కావాలి' అక్కడ రెండో మాటకే వచ్చేయాలి. మనం మాట వెనక తగిలించే 'కి', 'లో', 'నుంచి' అక్కడ మాట ముందుకు పోవాలి. మీరేమో తెలుగులో వాక్యం మొత్తం తయారు చేసుకుని, దాన్ని తిరగేసి, ఒక్కో మాటకూ ఇంగ్లిష్ వెతుకుతున్నారు. ఈలోగా గెస్టు అదే ప్రశ్న రెండోసారి అడుగుతాడు, మీకు టెన్షన్ మొదలవుతుంది. నోట్లోంచి రావడం లేదని మీరు అంటున్నది ఈ ఆలస్యాన్నే. మీకు తెలియక కాదు, తెలిసినదాన్ని తిరగేయడానికి టైమ్ చాలక.

గ్రామర్ పుస్తకం మూడోసారి చదివితే ఈ ఆలస్యం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. వెతుక్కునే మాటలతో పాటు సరిచూసుకునే రూల్స్ కూడా ఎక్కువవుతాయి. తగ్గాలంటే వాక్యం తిరగేసే పనే ఉండకూడదు. అందుకే విడి మాటలు కాకుండా పూర్తి వాక్యాలు నోటికి రావాలి అంటున్నాను.

వినడం ఒక్కటే చాలదనడానికి కెనడాలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. అక్కడ ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకు కొన్ని బడుల్లో పాఠాలన్నీ ఫ్రెంచ్‌లోనే చెప్పారు. ఏళ్ల తరబడి ఫ్రెంచ్ విని వాళ్లు దాన్ని బాగా అర్థం చేసుకోగలిగారు. మాట్లాడటం, రాయడం మాత్రం ఆ స్థాయికి రాలేదు. 1985లో మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు దీని గురించి రాస్తూ, పిల్లలకు తాముగా మాట్లాడాల్సిన అవసరం తగినంత రాకపోవడం దీనికి ఒక కారణమన్నారు. మీ పరిస్థితీ అదే. మీకు విన్నది చాలానే ఉంది, అన్నది చాలా తక్కువ.

ఇక పని ఎలా మొదలుపెట్టాలంటే, రిసెప్షన్‌లో గెస్టులు అడిగేవి నిజానికి కొన్నే. రూము ఖాళీ ఉందా, ఎంత, ఏసీ ఉందా, చెక్ అవుట్ ఎప్పుడు, తిరుమలకు ఎలా వెళ్లాలి, నడిచి వెళ్తే ఎంతసేపు, దర్శనం టికెట్లు మీరు ఇప్పిస్తారా, తిరుచానూరు ఎంత దూరం, కాళహస్తి వెళ్లి సాయంత్రానికి రావచ్చా. ఒక్కోదానికి మీ హోటల్‌కు సరిపోయే జవాబు రాసుకోండి. ఉదాహరణకు:

'హౌ డు వి గెట్ టు తిరుమల ఫ్రమ్ హియర్?'
'యు కెన్ టేక్ ఎ బస్ ఫ్రమ్ ది బస్ స్టాండ్. ఇట్స్ ఎ టూ మినిట్ వాక్.'
'కెన్ వి గో ఆన్ ఫుట్?'
'యెస్, దేర్ ఆర్ టూ ఫుట్‌పాత్స్. ది అలిపిరి వన్ హ్యాజ్ అబౌట్ థ్రీ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్ స్టెప్స్. ది శ్రీవారి మెట్టు వన్ ఈజ్ షార్టర్.'

ఇందులో మీకు తెలియని మాట ఒక్కటి కూడా లేదు, చూడండి. అయినా గెస్టు ఎదురుగా నిలబడితే ఇవి వరసగా రావు, ఎందుకంటే మీ నోరు వీటిని ఇంతవరకు ఒక్కసారి కూడా పలకలేదు. కళ్లతో చదివితే సరిపోదు. బండి మీద వెళ్తున్నప్పుడు, స్నానం చేస్తున్నప్పుడు, పైకి అనండి. ప్రశ్నా మీరే, జవాబూ మీరే. ఒక ప్రశ్నకు జవాబు ఆలోచించకుండా వచ్చేదాకా రెండోదానికి పోవద్దు.

వీటన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మొదటి క్లాసులో నేను చెప్పేది ఇవే. అర్థం కాకపోతే ఏమనాలి, టైమ్ కావాలంటే ఏమనాలి అన్నవి. 'సారీ, కుడ్ యు సే దట్ అగైన్?', 'కుడ్ యు స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ, ప్లీజ్?', 'యు మీన్ టూ రూమ్స్ ఫర్ వన్ నైట్, రైట్?', 'జస్ట్ ఎ మినిట్, లెట్ మీ చెక్.' ఇవి నోట్లో ఉంటే సంభాషణ తెగదు. మనవాళ్లు అర్థం కానప్పుడు తల ఊపేస్తారు లేదా నవ్వి ఊరుకుంటారు. గెస్టు సరేనన్నారనుకుని పైకి వెళ్తాడు, గొడవ అరగంట తర్వాత వస్తుంది. మళ్లీ అడగడం రాకపోవడం వల్ల జరిగే నష్టం తప్పు గ్రామర్ వల్ల జరిగే నష్టం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

అంకెలు తిరిగి చెప్పి ఖాయం చేసుకోండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గర ఎంతమంది తడబడతారో రిసెప్షన్‌లో మీకే తెలుసు. ఫిఫ్టీన్‌లో బరువు చివరి 'టీన్' మీద పడాలి, దాన్ని కాస్త సాగదీయాలి. ఫిఫ్టీలో బరువు మొదటి 'ఫిఫ్' మీద, చివరిది పొట్టిగా పోవాలి. మనం రెండింటినీ ఒకేలా లాగుతాం. అనుమానం ఉంటే 'వన్ ఫైవ్' అనో 'ఫైవ్ జీరో' అనో విడదీసి చెప్పండి. మన ఊళ్లో చాలా లాడ్జీల్లో చెక్ అవుట్ మధ్యాహ్నం పన్నెండుకు కాకుండా దిగిన టైమ్ నుంచి ఇరవై నాలుగు గంటలు. బయటి ఊళ్ల వాళ్లకు ఇది అలవాటు ఉండదు. మీదీ అలాంటిదే అయితే 'యు చెక్డ్ ఇన్ ఎట్ ఫోర్, సో చెక్ అవుట్ ఈజ్ ఎట్ ఫోర్ టుమారో' అని తాళం ఇచ్చేటప్పుడే అనేయండి.

ఇప్పుడు కోర్సుల్లో పెద్దగా చెప్పని విషయం ఒకటి. నా దృష్టిలో రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు ఇది చాలా ముఖ్యం. తెలుగులో మనకు మర్యాద ఏ కష్టం లేకుండా వచ్చేస్తుంది. 'ఆధార్ ఇవ్వండి', 'కొంచెం కూర్చోండి సార్' అంటే చాలు. దాన్ని అలాగే మారిస్తే 'గివ్ ఆధార్', 'యు సిట్' అవుతుంది. గెస్టు ముఖం మారిపోతుంది, మీకేమో కారణం తెలియదు. మీ మనసులో 'అండి' ఉంది, ఆయనకు వినిపించింది ఆజ్ఞ. ఇంగ్లిష్‌లో మర్యాద చాలావరకు వాక్యం మొదట్లోనే పెట్టాలి. 'కుడ్ ఐ సీ యువర్ ఆధార్ కార్డ్, ప్లీజ్?', 'వుడ్ యు లైక్ టు సిట్ డౌన్?', 'కుడ్ యు వెయిట్ ఫర్ టెన్ మినిట్స్? దే ఆర్ క్లీనింగ్ ది రూమ్.' కుడ్ యు, వుడ్ యు, మే ఐ అనే మూడు మొదళ్లు పట్టుకుంటే మీ ఇంగ్లిష్ వినడానికి వెంటనే వేరేగా ఉంటుంది.

లేదు, కాదు అని చెప్పేటప్పుడు ఇది ఇంకా అవసరం. దర్శనం టికెట్లు ఇప్పించమని గెస్టులు అడుగుతూనే ఉంటారు. 'నో, నాట్ పాసిబుల్' అంటే దురుసుగా ఉంటుంది. 'ఐయామ్ అఫ్రెయిడ్ వి కాంట్ అరేంజ్ దర్శన్ టికెట్స్. దే ఆర్ బుక్డ్ ఆన్ ది టీటీడీ వెబ్‌సైట్' అంటే విషయం అదే, నొప్పి ఉండదు. వాళ్లు మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం గురించి అడుగుతున్నారా, ఉచిత దర్శనం టోకెన్ల గురించా అన్నది కూడా కనుక్కోవాలి. 'డు యు మీన్ ది త్రీ హండ్రెడ్ రుపీ టికెట్, ఆర్ ది ఫ్రీ టోకెన్?' అనే ఒక్క ప్రశ్న నేర్చుకుంటే చాలా సాగతీత తగ్గుతుంది.

చెప్పలేకపోయిన మాటలు రాసుకోమన్నాను కదా, అది ఎలాగో చూపిస్తాను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మాయి నా దగ్గరికి వచ్చేది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే పేషెంట్ల బంధువులతో మాట్లాడటం ఆమె సమస్య. యూనిఫామ్ జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, డ్యూటీలో ఎక్కడ ఆగిపోయిందో అది తెలుగులోనే రాసుకునేది. ఒకరోజు అందులో 'చెయ్యి కదపొద్దు, సూది జారిపోతుంది' అని ఉంది. ఆ వాక్యం కోసం వార్డులో నిలబడి 'డోంట్' తర్వాత 'కదపడం'కి మాట వెతుకుతూ ఆగిపోయిందట. ఇంగ్లిష్‌లో దాన్ని 'ప్లీజ్ కీప్ యువర్ హ్యాండ్ స్టిల్' అంటారు. అందులో 'కదపడం' లేదు, 'వద్దు' కూడా లేదు. ఒక్కో మాటా వెతుక్కుంటూ పోతే ఆ వాక్యం ఎప్పటికీ దొరికేది కాదు. ఆ పుస్తకం నిండేసరికి ఆమె పనికి కావాల్సిన ఇంగ్లిష్ అంతా అందులోనే ఉంది, పైగా ఏ అంగట్లోనూ అమ్మని పుస్తకం అది. మీ పుస్తకంలో వేరే మాటలు వస్తాయి. 'ఎలక్ట్రీషియన్ దారిలో ఉన్నాడు, వచ్చేస్తాడు' అంటే 'ది ఎలక్ట్రీషియన్ ఈజ్ ఆన్ హిజ్ వే'. 'చిల్లర లేదు' అంటే 'సారీ, ఐ డోంట్ హ్యావ్ చేంజ్'. అలాంటివి.

ఇంగ్లిష్ ఎవరిని అడగాలి అంటే, బాగా వచ్చిన మేనేజరో, స్నేహితుడో ఉంటే సరే. ఫోన్‌లో అనువాదం యాప్ వాడొచ్చు, కానీ తెలుగు వాక్యం పొట్టిగా, పూర్తిగా టైప్ చేయండి. ఎవరు, ఎవరికి అన్నది మనం తెలుగులో వదిలేస్తాం, యాప్ దాన్ని తన ఇష్టం వచ్చినట్టు పూరిస్తుంది. వచ్చిన వాక్యాన్ని తిరిగి తెలుగులోకి మార్చి, మీరన్నదే వచ్చిందా అని ఒకసారి చూసుకోండి.

వాక్యాలు వస్తున్నా వేగం రావడం లేదనిపించే దశ ఒకటి వస్తుంది. దానికి 4/3/2 అనే పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. కీత్ మారిస్ అనే ఆయన 1983లో రాశారు, తర్వాత న్యూజిలాండ్‌కు చెందిన పాల్ నేషన్ వల్ల ఎక్కువమందికి తెలిసింది. ఒక విషయం తీసుకుని నాలుగు నిమిషాలు మాట్లాడాలి. అదే విషయం ఇంకొకరికి మూడు నిమిషాల్లో, ఆ తర్వాత వేరొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. మూడోసారికి మాటలు వెతకడం తగ్గి వేగం దానంతటదే వస్తుంది. మనిషి దొరకకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మొదట్లో నాలుగు నిమిషాలు నిండవు, ఒకటిన్నర నుంచి మొదలుపెట్టినా తప్పులేదు. విషయం కూడా పెద్దది అక్కర్లేదు. నిన్న డ్యూటీలో ఏం జరిగిందో చెప్పండి.

ఉచ్చారణ గురించి ఎక్కువ దిగులు పడకండి. మన యాస మన యాసే, అది పోవాల్సిన అవసరం లేదు. రెండు మాత్రం సరిచూసుకోండి. మనం మాటల చివర అచ్చు చేరుస్తాం, 'బస్సు', 'రూము', 'బిల్లు' అని. ముందు కూడా చేరుస్తాం, 'ఇస్టేషన్' అని. మనలో మనకు ఇబ్బంది లేదు, విదేశాల నుంచి వచ్చిన వాళ్లకు మాత్రం వేరే మాటలా వినిపిస్తుంది. బస్, రూమ్, స్టేషన్ అని అక్కడికక్కడ ఆపడం అలవాటు చేసుకోండి. పరీక్షించుకోవాలంటే ఫోన్ కీబోర్డును ఇంగ్లిష్‌లో పెట్టి, మైక్ నొక్కి మీ వాక్యం చెప్పండి. మీరన్నది అలాగే టైప్ అయితే చాలు, గెస్టుకూ అర్థమవుతుంది.

మరి గ్రామర్ అస్సలు వద్దా అంటే, వద్దని అననే అనను. తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు కారు నడిపే డ్రైవరు ఒకాయన నాకు తెలుసు. ఇంగ్లిష్‌లో దారి పొడుగునా మాట్లాడగలడు, విదేశీయులు కూడా ఆయన నంబరు అడిగి తీసుకుంటారు. ఆ ధైర్యం నాకెంతో ఇష్టం. కానీ ఆయన ఎప్పుడో నేర్చుకున్న ఆ కొద్ది వాక్యాల దగ్గరే ఉండిపోయాడు. 'యు వెంట్ తిరుమల?', 'యు కమింగ్ వెన్?' అనే అడుగుతాడు. అర్థమవుతోంది కాబట్టి ఎవరూ సరిదిద్దలేదు, అది అలాగే గట్టిపడిపోయింది. తర్వాత ఒక కంపెనీలో ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజర్ పనికి వెళ్లినప్పుడు ఇంటర్వ్యూలో అదే అడ్డమైంది. మీరు ముందు ముందు పెద్ద హోటళ్లకు మారాలన్నా, శ్రీసిటీలో ఉన్న కంపెనీల్లో ఆఫీసు పనికి వెళ్లాలన్నా ఈ ఇబ్బంది రాకూడదు.

అందుకని గ్రామర్లో ముందు ప్రశ్న అడగడం సరిచేసుకోండి. 'వెన్ ఆర్ యు కమింగ్?', 'డిడ్ యు గో టు తిరుమల?' అనాలి. 'డిడ్' వచ్చాక 'వెంట్' రాదు. రెండోది, ప్రతిదానికీ 'ఇంగ్' తగిలించే అలవాటు. 'ఐయామ్ హ్యావింగ్ టూ రూమ్స్' కాదు, 'వి హ్యావ్ టూ రూమ్స్'. ఈ రెండూ సరైతే వినేవాళ్లకు చాలా తేడా తెలుస్తుంది. 'ఎ', 'ది' లాంటివి మన భాషలో లేవు కాబట్టి అవి ఎక్కడ పెట్టాలో నిదానంగా వస్తుంది, వాటి కోసం మాట ఆపకండి. మాట్లాడుతున్నప్పుడు ఎవరినీ సరిదిద్దనివ్వకండి, అయిపోయాక చెప్పమనండి. మధ్యలో ఆపితే సగం మంది ఆ రోజుకి నోరు మూసేస్తారు, నేను చాలాసార్లు చూశాను.

సిగ్గు గురించి మీరు రాయలేదు గానీ, ఉంటుందని నాకు తెలుసు. గెస్టు ముందు కంటే పక్కనున్న మన తెలుగువాళ్ల ముందు మాట్లాడటానికే ఎక్కువ సిగ్గు. తమిళం తప్పుగా మాట్లాడితే ఎవరూ నవ్వరు, ఇంగ్లిష్ తప్పు మాట్లాడితే చదువుకు మార్కులు వేస్తారు. ఇది మన చుట్టూ ఉన్నవాళ్ల తప్పే, మీది కాదు. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: మీలాగే నేర్చుకోవాలనుకునే ఒక్కరిని వెతుక్కోండి. రాత్రి షిఫ్టులో గెస్టుల రాక తగ్గాక ఇద్దరూ గెస్టు, రిసెప్షన్ ఆట ఆడండి. ఒకరు కోపంగా ఉన్న గెస్టు అవ్వండి, గీజర్ పనిచేయడం లేదని అరవండి. రెండోవాళ్లు సర్దిచెప్పాలి. ఇలా ఆడినవాళ్లు నిజమైన గొడవ వచ్చినప్పుడు తడబడరు.

మళ్లీ కోర్సులో చేరాలనిపిస్తే డబ్బు కట్టే ముందు ఒక్కటి అడగండి: క్లాసులో నేను ఎన్ని నిమిషాలు మాట్లాడతాను? గంట క్లాసులో నలభై మంది ఉంటే, మాస్టారు నోరే విప్పకపోయినా ఒక్కొక్కరికి వచ్చేది నిమిషంన్నర. ఎనిమిది, పది మంది ఉన్న చోటు దొరికితే చేరండి. లేకపోతే ఆ డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్స్ కొనుక్కుని, బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో ఉచితంగా దొరికే చిన్న సంభాషణలు వినండి. విన్న ప్రతి వాక్యాన్నీ ఆపి, అదే ఎత్తుపల్లాలతో పైకి అనండి.

ఎన్నాళ్లు పడుతుంది అంటే, రోజూ అరగంట గట్టిగా మాట్లాడేవాళ్లు కౌంటర్ మాటల వరకు రెండు మూడు నెలల్లో నిలదొక్కుకోవడం చూశాను. రాజకీయాలో, కుటుంబం సంగతులో ఏదైనా సరే కూర్చుని కబుర్లు చెప్పే స్థాయికి ఇంకా చాలా ఎక్కువ కాలం పడుతుంది, అందులో దాపరికం లేదు. మీకు ముందు కావాల్సింది మొదటిదే. ఈ వారం డ్యూటీలో మీరు ఆగిపోయిన వాక్యాలు తెలుగులో ఉన్నవి ఉన్నట్టు ఇక్కడే రాయండి. వాటికి గెస్టుతో ఎలా చెప్పాలో నేను రాస్తాను.